మోకు వదులైతే?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో గీతకార్మికుడు మోకు వేసుకుని తాటిచెట్టు ఎక్కడం మీరు చూసే ఉంటారు. అతడు వెనక్కి వాలినకొద్దీ మోకు మానును గట్టిగా ఒత్తుతుంది. ఘర్షణ పెరిగి, జారకుండా ఆపుతుంది. కాలు తప్పితే మోకు వదులవుతుంది. ఇక ఘర్షణ లేనట్టే! అందుకే అదనంగా రక్షణ తాడు కావాలి. అది ఎలా ఉండాలి? లెక్క వేద్దాం.

60 కిలోల మనిషి 1 మీటరు పడి, తాడు సాగి 10 సెంటీమీటర్లలో ఆగితే, తాడుపై సగటున 660 కిలోల బరువంత లాగుడు పడుతుంది! కనుక తాడు వేలాడకుండా బిగువుగా ఉండాలి. దాన్ని తగిలించే కొక్కేన్ని కారబైనర్ అంటారు. దాని నోరు దానంతటదే మూసుకుని తాళం పడాలి. అడ్డంగా లాగితే దాని బలం బాగా తగ్గిపోతుంది.

తెలంగాణలో 2024లో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో ఇలాంటి పరికరాలు ఇవ్వసాగారు. ఈ లెక్క మీ ఊరి గీతకార్మికులకూ వినిపించండి.