తాబేటి త్రోవ

నెల్లూరు జిల్లాలోని మైపాడు మొదలగు తీరములకు జనవరి మొదలు మార్చి వరకు రాత్రివేళ ఆలివ్ రిడ్లీ జాతి ఆడుతాబేళ్లు వచ్చును. వెనుకకాళ్లతో ఇసుకను త్రవ్వి, ఇంచుమించు 100 గ్రుడ్లు పెట్టి, గుంటను కప్పి కడలిలోనికి మరలిపోవును.

కాని అలలు ఒడ్డునకు త్రోసిన తాబేటి కళేబరములును అచ్చట కనబడుచుండును. కారణమేమి? తాబేలు నీట నివసించునదేగాని, చేపవలె నీటిలో ఊపిరి పీల్చలేదు. నడుమనడుమ పైకి రావలెను. మరపడవలు రొయ్యలకై గంటలతరబడి ఈడ్చు ట్రాలు వలలో చిక్కినచో, పైకి రాజాలక మరణించును. అందులకై వల మెడలో లోహపు కమ్ముల చట్రమును అమర్చు ఉపాయమొకటి కలదు. రొయ్యలు కమ్ముల సందున లోనికి పోవును. తాబేలు చట్రమునకు తగిలి, దాని చెంతనున్న ద్వారమున వెలుపలికి పోవును. ఆ ద్వారముననే పెద్ద చేపలును జారిపోవునని జాలరుల మొర. అది త్రోసిపుచ్చదగినది కాదు. నాటి వేటతో ఇల్లు గడుపువారికి ప్రతి చేపయు లెక్కయే. అయినను వలలో పడిన తాబేటి బరువునకు రొయ్యలు నలిగిపోవుటయు నష్టమే గదా!

ఒడ్డున ఆపద వేరు. 45 మొదలు 60 దినములలో వెలువడు పిల్లలు వెలుతురున్న దిక్కునకు ప్రాకును. చీకటి రాత్రి నేలకంటె కడలియే వెలుగుచుండును గనుక, పూర్వము ఆ గురుతు వానిని నీటికే చేర్చెడిది. నేడు తీరపు దీపములను జూచి ఊరివైపు ప్రాకి, కుక్కలకు, కాకులకు చిక్కును. కావున కొన్నిచోట్ల గ్రుడ్లను ఏరి, కంచె లోపలి ఇసుకలో పాతిపెట్టుదురు. ఆ చోటును ఎన్నుకొనుటయు సులభము కాదు. ఇసుక మిక్కిలి వేడెక్కినచో ఆడుపిల్లలే పుట్టును. పిల్లలు వెలువడినంతనే, దీపములు లేని చోట, నీటికి కొంత దూరమున ఇసుకపై విడుతురు. అచ్చటినుండి అవియే ప్రాకిపోయి అలలలో కలియును.