కొత్త రౌటర్ పెట్టినా నెట్ రావడం లేదా? ముందు ‘మ్యాక్’ నంబర్ చూడండి

నర్సీపట్నం: పాత రౌటర్ పాడైంది, కొత్తది తెచ్చారు. వైర్ పెట్టారు, లైట్లు వెలిగాయి, ఫోన్‌లో వైఫై గుర్తు కూడా వచ్చింది. నెట్ మాత్రం రాదు. అవతల కువైట్ నుంచి వీడియో కాల్ వచ్చే టైమ్ అయిపోతుంటుంది. గొలుగొండ, నాతవరం వైపు ఊళ్లలో ఉన్నవాళ్లు టెక్నీషియన్ కోసం ఎదురుచూడాల్సిందే. ఇలాంటప్పుడు రౌటర్ బాగానే ఉండొచ్చు. తేడా దాని నంబర్‌లో ఉండొచ్చు.

ఏమిటీ నంబర్?

నెట్‌కు కలిసే ప్రతి పరికరానికీ ఫ్యాక్టరీలోనే 12 అక్షరాల గుర్తింపు ఇస్తారు. అదే మ్యాక్ అడ్రస్. అందులో మొదటి 6 తయారీ కంపెనీని తెలుపుతాయి. ఈ కోడ్‌లను ఐఈఈఈ అనే సంస్థ కేటాయిస్తుంది. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఇది కనిపిస్తుంది.

ఐపీ అడ్రస్ వేరు. అది అద్దె ఇల్లు లాంటిది. రౌటర్ ఆన్ కాగానే ‘నాకో అడ్రస్ కావాలి’ అని అడుగుతుంది. అవతలి సర్వర్ ఒకటి చూపించి, గడువు పెట్టి ఇస్తుంది. గడువులో సగం కాగానే రౌటర్ మళ్లీ పొడిగింపు అడుగుతుంది. ఈ పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. 1993లో మొదలైంది, ఇప్పుడు వాడుతున్న రూపం 1997 నాటిది.

మెలిక ఎక్కడ?

అడ్రస్ అడిగేటప్పుడు రౌటర్ తన మ్యాక్ నంబర్ కూడా పంపుతుంది. కొందరు ఆపరేటర్లు పాత రౌటర్ నంబర్‌కే కనెక్షన్ కట్టేసి ఉంచుతారు. కొత్త నంబర్‌తో అడిగితే జవాబు రాదు. అప్పుడు రౌటర్ పేజీలో ఐపీ దగ్గర 0.0.0.0 అని కనిపిస్తుంది.

ఏం చేయాలి?

1. మోడెమ్ విడిగా ఉంటే కాసేపు ఆపి మళ్లీ ఆన్ చేయండి. కొన్ని మోడెమ్‌లు పాత నంబర్‌నే గుర్తుపెట్టుకుంటాయి.

2. ఆపరేటర్‌కు ఫోన్ చేసి కొత్త నంబర్ చెప్పండి. అన్నిటికన్నా మంచి దారి ఇదే.

3. ఆపరేటర్ దొరక్కపోతే, రౌటర్ సెట్టింగుల్లో ‘మ్యాక్ క్లోన్’ దగ్గర పాత రౌటర్ నంబర్ వేయండి. ఐపీని ‘డైనమిక్’లోనే ఉంచండి. సేవ్ చేసి రీస్టార్ట్ చేస్తే, పాత నంబర్‌తోనే కొత్త రౌటర్ అడ్రస్ అడుగుతుంది. ఐపీని చేత్తో వేయాల్సిన పని లేదు.

కొన్ని రౌటర్లలో నెట్ వైపు నంబర్‌కూ స్టిక్కర్ నంబర్‌కూ చివర ఒక అంకె తేడా ఉంటుంది, చూసుకోండి. ఒకే నంబర్‌తో రెండు పరికరాలు ఒకేసారి నడపొద్దు, రెండూ ఆగిపోతాయి. మీది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో వచ్చే కనెక్షన్ అయితే ముందు అవి వేయాలి.

పిల్లల ఫోన్‌కు టైమ్ పెట్టారా?

2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి అసలు నంబర్ బదులు మారు నంబర్ చూపిస్తున్నాయి. అందుకే రౌటర్‌లో పెట్టిన టైమ్ లిమిట్ ఒక్కోసారి పనిచేయదు. నంబర్‌లో రెండో అక్షరం 2, 6, ఎ, ఇ అయితే అది మారు నంబరే అనుకోవచ్చు. ఇంటి వైఫై వరకు ఆ ఆప్షన్ ఆపేస్తే సరిపోతుంది.

మ్యాక్ నంబర్ గుర్తింపే గానీ తాళం కాదు. దగ్గర్లో ఉన్నవాళ్లు దాన్ని చూసి కాపీ చేయగలరు. కాబట్టి వైఫైకి గట్టి పాస్‌వర్డ్ ఉండాల్సిందే. పాత రౌటర్‌ను పాత సామాన్లవాడికి వేసేముందు దాని స్టిక్కర్‌ను ఒక ఫొటో తీసి ఉంచుకోండి.