నెక్కార్ ఒడ్డున హైడెల్‌బర్గ్

జర్మనీలో పైచదువులకు పిల్లల్ని పంపాలనుకునే తల్లిదండ్రులు తరచుగా అడిగే ఊళ్ళలో హైడెల్‌బర్గ్ ఒకటి. ఇక్కడ కాపురం ఉంటున్నవాణ్ణి కనుక ఊరి సంగతులూ, ఖర్చుల సంగతులూ కలిపే రాస్తున్నాను.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైలులో సుమారు గంట ప్రయాణం. నెక్కార్ నది కొండల మధ్య నుంచి బయటపడి రైన్ మైదానంలోకి అడుగుపెట్టే చోట ఉంది ఈ ఊరు. జనాభా సుమారు లక్షా 60 వేలు. విశ్వవిద్యాలయంలో చదివేవారే 30 వేల మంది దాకా ఉంటారు. సెలవుల్లో వీధులు బోసిపోతాయని అనుకోకండి, ఆ లోటు యాత్రికులు తీరుస్తారు.

పాత ఊరు నదికి దక్షిణపు ఒడ్డున, కొండ పాదం వెంట సన్నగా సాగుతుంది. పైన ఎర్ర ఇసుకరాతి కోట. 1689లోను, 1693లోను ఫ్రెంచి సేనలు దానిని ధ్వంసం చేశాయి. తరువాత కొంత బాగుచేసుకుంటే 1764లో పిడుగు పడి కాలిపోయింది. ఇక దానిని పూర్తిగా కట్టే ప్రయత్నం మానేశారు. శిథిలంగా ఉండటమే దానికి కీర్తి తెచ్చింది. లోపల 1751 నాటి కొయ్య పీపా ఉంది, సుమారు 2 లక్షల 20 వేల లీటర్ల ద్రాక్షసారా పట్టేది. రైతులు పన్ను కింద ఇచ్చిన సారానంతా అందులోనే పోసేవారట. రుచి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు!

కింద ఉన్న రాతి వంతెన 1788లో పూర్తయింది. అంతకుముందున్న వంతెన 1784లో మంచుగడ్డలతో వచ్చిన వరదకు కొట్టుకుపోయింది. రెండవ ప్రపంచయుద్ధంలో ఈ ఊరిమీద పెద్దగా బాంబులు పడలేదు. కాని 1945 మార్చిలో వెనక్కు తగ్గుతున్న జర్మను సైన్యమే ఆ వంతెనను కూల్చింది. 1947లో తిరిగి కట్టారు.

విశ్వవిద్యాలయం 1386లో స్థాపించబడింది. నేటి జర్మనీలో ఇదే అన్నిటికన్నా పాతది. రసాయనశాస్త్రం చదివే పిల్లలకు బున్సెన్ బర్నర్ తెలుసు కదా. ఆ బున్సెన్ 1852లో ఇక్కడికి ఆచార్యుడుగా వచ్చారు. ఆయనా, భౌతికశాస్త్రవేత్త కిర్కాఫ్ కలిసి మంటలో కనిపించే రంగుగీతల ద్వారా మూలకాలను గుర్తించే పద్ధతిని ఇక్కడే రూపొందించారు. ఆ పద్ధతితోనే 1860లో సీజియం, 1861లో రుబీడియం బయటపడ్డాయి. మన కవి ఇక్బాల్ కూడా 1907లో ఇక్కడ జర్మను నేర్చుకున్నారు. నది ఒడ్డున ఒక రోడ్డుకు ఆయన పేరు పెట్టారు.

చీకటి రోజులూ ఉన్నాయి. 1933 మే 17న విశ్వవిద్యాలయం ముందరి చౌకులోనే పుస్తకాలు తగలబెట్టారు. యూదులైన ఆచార్యులను తొలగించారు. తత్త్వవేత్త యాస్పర్స్ భార్య యూదు వనిత అయినందుకు 1937లో ఆయన ఉద్యోగం పోయింది. పిల్లలు ఆ చౌకు దాటేటప్పుడు ఈ సంగతి కూడా తెలిసి ఉండాలి.

ఇక ఖర్చులు. జర్మనీలో చదువు ఉచితమన్న మాట ఇక్కడ పూర్తిగా చెల్లదు. ఈ ఊరున్న బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి ఐరోపా కూటమి బయటివారి వద్ద సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. డాక్టరేటు చేసేవారికి మినహాయింపు ఉంది. వీసా కోసం బ్యాంకులో చూపవలసిన సొమ్ము వేరు. 2024 సెప్టెంబరులో దానిని ఏడాదికి 11,904 యూరోలుగా నిర్ణయించారు, అంటే నెలకు 992. ఇది ఎవరికో కట్టే ఫీజు కాదు, మీ బిడ్డ అద్దెకూ తిండికీ నెలనెలా తీసుకునే డబ్బు. ఈ రెండు లెక్కలూ కలిపి చూసుకోకుండా పొలమో ఇల్లో తాకట్టు పెట్టవద్దు. ఈ మొత్తాలు మారుతుంటాయి కనుక దరఖాస్తు వేసేనాడు రాయబార కార్యాలయం ప్రకటనే ప్రమాణం, ఏజెంటు మాట కాదు. 2022 నవంబరు నుంచి మన దేశపు విద్యార్థులు తమ సర్టిఫికెట్లను ఎ.పి.ఎస్. కార్యాలయంలో పరిశీలింపజేసుకొని ధ్రువపత్రం తీసుకోవాలి. దానికి కొన్ని వారాలు చేతిలో ఉంచుకోండి.

భౌతికశాస్త్రం, అణుజీవశాస్త్రం వంటి కొన్ని ఎం.ఎస్‌సి. కోర్సులు ఇంగ్లీషులో ఉన్నాయి. డిగ్రీ చదువు చాలావరకు జర్మనులోనే. పాఠాలు ఇంగ్లీషులో విన్నా ఇల్లు వెతకడానికీ, డాక్టరుతో మాట్లాడటానికీ జర్మను కావాలి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడుతూ పెరిగిన మన పిల్లలకు వీధి భాష పట్టుకోవడం కొత్తేమీ కాదు. బయలుదేరే ముందే మొదలుపెడితే చాలు.

అన్నిటికన్నా కష్టం గది దొరకడం. ప్రవేశపత్రం రాగానే హాస్టలుకు దరఖాస్తు పెట్టాలి, వీసా వచ్చాక చూద్దామంటే ఆలస్యమైపోతుంది. గది చూడకుండా, ఒప్పందం చేతికి రాకుండా ముందే డబ్బు పంపమనేవారిని నమ్మకండి. సైన్సు, వైద్యం చదివేవారి తరగతులు చాలావరకు నదికి ఉత్తరాన నోయెన్‌హైమర్ ఫెల్డ్ అనే చోట జరుగుతాయి కనుక పాత ఊళ్ళోనే గది కావాలని పట్టుబట్టనక్కరలేదు. చేరిన రెండు వారాల్లో నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం అవసరం.

ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. శనివారం రాత్రి దిగేవారు మరునాటికి సరిపడా తిండి వెంట ఉంచుకోండి.