కడుపు రాసుకున్న కూపే

దసరాకు మా మనవడి దోస్తు హైదరాబాద్ నుంచి కారేసుకుని వచ్చాడు. ఎర్రది, రెండే తలుపులది, పక్కన నిలబడితే నా భుజం దాకా కూడా రాదు. సంగారెడ్డి–నాందేడ్ హైవే మీద పిట్లం దాకా గాలిలో తేలినట్టే వచ్చిందట. హైవే దిగి, జుక్కల్ చేరి, మా ఇల్లు నాలుగడుగుల దూరంలో ఉందనగా బ్రేకర్ మీద కర్రుమని ఆగిపోయింది. ముందు చక్రాలు ఇవతల, వెనక చక్రాలు అవతల, కడుపు గడ్డ మీద.

"ఏం కాదు తాతా, నాలుగు వందల హార్స్ పవర్. లాగేస్తది" అన్నాడు పిల్లోడు. వేపచెట్టు కింద ఉన్న మా అంబాసిడర్ వైపు చూసి, "దానికెంత?" అనడిగాడు.

"యాభై."

"అంటే దీనికి ఎనిమిదింతలు!"

"మరి ఎనిమిదింతల వేగం పోతదా?" అన్నాను. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన నోరు ఊరుకోదు కదా.

ఎదురుగాలిలో సైకిలు తొక్కినవాడికి ఈ లెక్క పిక్కల్లోనే తెలుస్తుంది. వేగం రెట్టింపు చేస్తే సెకనుకు రెట్టింపు గాలి ఎదురొస్తుంది, అదీ రెట్టింపు జోరుతో కొడుతుంది. అడ్డుకునే బలం నాలుగింతలు. అంత అడ్డును తోసుకుంటూ అదే సెకనులో రెట్టింపు దూరం పోవాలి. నాలుగు రెండ్లు ఎనిమిది! ఎనిమిదింతల ఇంజను పెట్టినా, బండి ఆకారం సంగతి పక్కన పెడితే, గాలి మనకిచ్చేది రెట్టింపు వేగమే. పాత అంబాసిడర్ గట్టిగా తొక్కితే 120 లోపే ఆయాసపడేది. మన దేశంలో 2016లో అమ్మకానికొచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌కు దాదాపు నాలుగు వందల గుర్రాలు. దాన్ని కంపెనీయే 250 దగ్గర కట్టేసింది. చూశారా, రెండింతలే. నిలబడ్డ చోటు నుంచి దూకడంలో మాత్రం ఆ గుర్రాలన్నీ కనిపిస్తాయి, కాదనను.

కూపే అంటే ఫ్రెంచి భాషలో 'కోసినది'. గుర్రపు బగ్గీలో వెనక్కి తిరిగి ఉండే సీట్లను కోసేసి ఇద్దరికే మిగిల్చారు, ఆ పేరొచ్చింది. రైల్లో ఇద్దరు పడుకునే గదినీ కూపే అనే అంటాం. మా అంబాసిడర్‌ది దీనికి పూర్తిగా ఎదురు సంసారం. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులో పుట్టి, బెంగాల్ ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది. మా చెల్లెలి పెండ్లికి దాంట్లో తొమ్మిది మందిమి పోయినం, ఒళ్లో జామపండ్ల గంప వేరే.

మరి కూపేను అంత కిందికి ఎందుకు దించారు? పత్తి ఎత్తుగా నింపిన ఎడ్లబండి మలుపులో ఒరగడం మా ఊళ్లో చూడనివాళ్లుండరు. బరువు పైనుంటే ఒరుగుతుంది, నేలకు దగ్గరుంటే పట్టుకుని తిరుగుతుంది. అందుకే హైవే మలుపులో నా ఓటు ఎర్రబండికే. పైగా పాత డ్రమ్ము బ్రేకులను నమ్ముకుని నేను 80 దాటేవాణ్ని కాదు.

కానీ కథ నడుస్తున్నది బ్రేకర్ దగ్గర. మనవడు నా చెక్క స్కేలు తెచ్చి కొలిచాడు. గడ్డ ఎత్తు 12 సెంటీమీటర్లు, వెడల్పు మూడు జానలు. కూపే కడుపు కింద 13 ఉండాలి, నలుగురు మనుషులూ సూట్‌కేసులూ ఎక్కేసరికి అదీ తగ్గింది. అంబాసిడర్ కింద సుమారు 16.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గడ్డ ఇలా ఉండదు. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. వెడల్పు అంత ఎందుకంటారా? ముందు, వెనక చక్రాల మధ్య దూరం కూపేకు 2.7 మీటర్లనుకోండి, నాలుగు చక్రాలూ ఒకేసారి గడ్డ మీద పడతాయి, బండి మొత్తంగా లేస్తుంది. అప్పుడు కడుపు కింద అయిదున్నర సెంటీమీటర్లున్నా చాలు. వంటింట్లో చూసుకోవచ్చు. పీటను బోర్లించిన పెద్ద తట్ట మీద జరిపితే కాళ్లన్నీ కలిసి ఎక్కుతాయి. అదే పీటను రోకలి మీదుగా దాటించండి, రోకలి నేరుగా పీట కడుపుకే తగులుతుంది. మా వీధిలో ఉన్నది రోకలి.

అందరినీ దింపి, సామాన్లు తీయించాను. స్ప్రింగులు వేలెడు పైకి లేచాయి. నలుగురం మెల్లగా తోస్తే కూపే దాటింది.

అప్పటిదాకా అరుగు మీద కూర్చుని చూస్తున్న ఎదురింటాయన లేచి వచ్చాడు. ట్రాక్టరు కింద మేక పోయిందని ఆ గడ్డ పోసింది ఆయనే. స్కేలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీ కార్లు ఆగుతున్నయి గానీ ట్రాక్టర్లు ఆగుతలేవు సారూ. ఇంకో రెండంగుళాలు పోద్దునా?"

నేను వేపచెట్టు కిందికి చూశాను.