పిల్లలకు మన అండ ఉంది.. ఆ సంగతి వాళ్లకు తెలుసా?

'ట్యూషన్ ఫీజు కట్టాం, అడిగిన గైడ్లు కొన్నాం, ఇంకేం తక్కువైంది నీకు?' పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. తల్లిదండ్రుల కష్టం అబద్ధం కాదు. కానీ పిల్లల డిప్రెషన్ విషయంలో లెక్క వేరేలా ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల వయసులో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటోంది. పరీక్షకు ముందు గాబరా మామూలే, పేపర్ రాశాక తగ్గిపోతుంది. అలా తగ్గకుండా రోజూ బడి టైముకి కడుపునొప్పి, రాత్రి నిద్ర లేకపోవడం ఉంటే అది యాంగ్జయిటీ కావచ్చు. రెండు వారాలకు పైగా రోజంతా దిగులుగా ఉన్నా, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోయినా డిప్రెషన్‌ను అనుమానించాలి. ఈ వయసులో అది ఏడుపుగానే బయటపడాలని లేదు. చాలాసార్లు చిరాకుగా, కోపంగా కనిపిస్తుంది. ఇంట్లో వాళ్లు దాన్ని బద్తమీజీ అనుకుని ఇంకో నాలుగు తిడతారు!

పిల్లలకు ఎంత అండ ఉందో కొలవడానికి పరిశోధకులు 1988లో వచ్చిన ఒక ప్రశ్నావళి వాడుతున్నారు. మొత్తం 12 అంశాలు. కుటుంబం గురించి నాలుగు, స్నేహితుల గురించి నాలుగు, తనకు ముఖ్యమైన ఒక మనిషి గురించి నాలుగు. 'మీరు ఎంత చేశారు?' అని అమ్మీ అబ్బాలను ఇందులో ఎవరూ అడగరు. నా కష్టం ఇంట్లో చెప్పుకోగలనా లేదా అన్నది పిల్లలే చెప్పాలి. నిజంగా అందిన సాయం కంటే, 'నాకు మనుషులున్నారు' అన్న ఈ నమ్మకమే డిప్రెషన్ నుంచి ఎక్కువగా కాపాడుతుందని పరిశోధనల్లో తేలింది.

ఈ నమ్మకం చిన్న మాటలతోనే పోతుంది. 'మామూ కొడుకు మార్కులు చూడు' అని రెండుసార్లు అంటే, మూడోసారి మార్కుల సంగతే కాదు, బడిలో ఎవరో ఏడిపిస్తున్న సంగతి కూడా ఇంటికి రాదు. ఆడపిల్లలకైతే సెలవులొస్తే చాలా ఇళ్లలో స్నేహితులూ దూరమవుతారు. అప్పుడు ఒక ఖాలాయో, దాదీయో, క్లాస్ టీచరో తిట్టకుండా వింటే చాలా తేడా ఉంటుంది.

ఇక నజర్ తగిలిందని తావీజు కట్టించి వదిలేయడం, 'నమాజు చదవట్లేదు, అందుకే' అనడం మన దగ్గర ఉన్నదే. నమాజు మనసుకు నెమ్మదినిస్తుంది. కానీ టైఫాయిడ్ వచ్చిన పిల్లను ఈమాన్ తక్కువైందని ఎవరూ అనరు కదా. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే హైదరాబాద్‌లో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఎర్రగడ్డ, ఆ పేరు మీద వేసే జోకులు. ఆ భయంతోనే నెలలు గడిచిపోతాయి.

చనిపోవాలనిపిస్తోందని పిల్లలు అంటే, లేదా అలా అనుమానం వస్తే, నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. వాళ్లను ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416. ఇది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలే చేయాలని లేదు, వాళ్ల గురించి ఇంట్లో వాళ్లూ ఫోన్ చేసి అడగొచ్చు.