సొంత కంప్యూటర్‌కు మదర్‌బోర్డు ఎంపిక, విడిభాగాల కొనుగోలు

4.1 పరిచయం

కంప్యూటర్ లోపల ఏ భాగం ఏ పని చేస్తుందో గత యూనిట్‌లో తెలుసుకున్నారు. ఆ భాగాలను విడివిడిగా కొని ఇంట్లోనే అమర్చుకోదలచినవారు వేటిని చూసి కొనాలో ఈ యూనిట్‌లో పరిశీలిద్దాం. ఒక కంపెనీ ప్రాసెసర్‌ను మరో కంపెనీ బోర్డులో పెట్టుకునే వెసులుబాటు ప్రధానంగా 1981లో ఐ.బి.ఎం. విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్ నుంచి వచ్చింది. దాని నిర్మాణ వివరాలను ఐ.బి.ఎం. బయటపెట్టడంతో ఇతర కంపెనీలు దానికి సరిపడే కార్డులను, ఆ తరువాత అలాంటి యంత్రాలనే తయారుచేశాయి. భాగాలు ఒకదానికొకటి సరిపోతాయో లేదో చూసుకునే పని మాత్రం అప్పటినుంచి కొనేవారి మీద పడింది.

మీలో చాలామంది జీతంలో మిగిల్చుకున్న డబ్బుతోనో, ఇంట్లోవారు సర్దిన డబ్బుతోనో కంప్యూటర్ కొంటారు. సీలు తీసిన ప్రాసెసర్‌ను ‘మా బోర్డుకు సరిపోలేదు’ అని తీసుకువెళితే దుకాణదారు సాధారణంగా వెనక్కి తీసుకోడు. వారంటీ లోపమున్న వస్తువుకే గాని, సరిపోని ఎంపికకు వర్తించదు. కాబట్టి డబ్బు కట్టకముందే చేయవలసిన తనిఖీ గురించే ఈ యూనిట్‌లో ఎక్కువగా చెప్పుకుందాం.

4.2 ముందు ప్రాసెసర్, తరువాత బోర్డు

మదర్‌బోర్డు మిగతా భాగాలన్నిటినీ కలుపుతుంది కాబట్టి మొదట దానినే ఎంచుకోవాలని అనిపిస్తుంది. నిజానికి మొదట తేల్చుకోవలసింది మీ పని, ఆ పనికి తగిన ప్రాసెసర్. బి.కాం. చదువుతూ ట్యాలీ, ఎక్సెల్ నేర్చుకుంటూ వీడియో పాఠాలు చూసే విద్యార్థిని ఉదాహరణగా తీసుకుందాం. ఈ పనులకు విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. ఇంటెల్ కోర్ ఐ3-12100 గాని, ఏఎండీ రైజెన్ 5 5600జి గాని సరిపోతాయి.

ఇక్కడ చివరి అక్షరాన్ని జాగ్రత్తగా చదవాలి. ఐ3-12100లో గ్రాఫిక్స్ భాగం ఉంది, ఐ3-12100ఎఫ్‌లో లేదు. ఏఎండీలో 5600జికి ఉంది, 5600కు లేదు. లేనిది కొంచెం చవకగా దొరకవచ్చు. బోర్డు వెనుక హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది గదా అని ధైర్యపడకండి. ఆ పోర్టుకు బొమ్మను పంపేది ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగమే. అది లేకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది.

4.3 సాకెట్ కలిస్తే చాలా?

ప్రాసెసర్ కూర్చునే చోటును సాకెట్ అంటారు. ఐ3-12100కు ఎల్‌జీఏ 1700 సాకెట్, 5600జికి ఏఎం4 సాకెట్ ఉన్న బోర్డు కావాలి. ఇంతవరకు అందరూ చూస్తారు. కాని సాకెట్ పేరు కలిసినంత మాత్రాన బోర్డు పనిచేస్తుందన్న హామీ లేదు.

ఇంటెల్ 2015లో ఆరో తరం ప్రాసెసర్లతో ఎల్‌జీఏ 1151 సాకెట్ తెచ్చింది. 2017లో వచ్చిన ఎనిమిదో తరానికీ సాకెట్ పేరు అదే. ప్రాసెసర్ పాత బోర్డులో చక్కగా కూర్చుంటుంది, కాని అధికారికంగా దానికి 300 వరుస చిప్‌సెట్ ఉన్న కొత్త బోర్డే కావాలి. సెకండ్‌హ్యాండ్ సరుకు కొనేవారికి ఈ చిక్కు ఇప్పటికీ ఎదురవుతుంది.

ఏఎండీ దారి వేరు. 2018 నాటి బి450 బోర్డులో 2020 చివర వచ్చిన రైజెన్ 5000 వరుస ప్రాసెసర్లు కూడా పనిచేస్తాయి. అయితే బోర్డులోని బయోస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాలి. పాత బయోస్‌తో గోదాములో ఉండిపోయిన బోర్డు మీ చేతికి వస్తే కొత్త ప్రాసెసర్‌ను అది గుర్తించదు. కొన్ని బోర్డులలో ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చే మీట ఉంటుంది. అది లేకపోతే కొనేటప్పుడే దుకాణంలో మార్పించుకోవడం మేలు. బయోస్ మారుతుండగా కరెంటు పోతే బోర్డు మూగబోయే ప్రమాదం ఉంది కాబట్టి ఇంట్లో చేసేవారు యూపీఎస్ మీదనే చేయాలి.

ఈ సందేహాలన్నిటికీ జవాబు ఒకేచోట దొరుకుతుంది. ప్రతి బోర్డుకూ తయారీదారు తన వెబ్‌సైట్‌లో అది అంగీకరించే ప్రాసెసర్ల జాబితాను, ఒక్కొక్కదానికి ఏ బయోస్ వెర్షన్ నుంచి మద్దతు ఉందో కూడా ఇస్తాడు. బోర్డు పూర్తి పేరుతో ఆ పేజీ తెరిచి మీ ప్రాసెసర్ ఉన్న వరుసను ఫోన్‌లో ఫోటోగా దాచుకోండి. అమ్మేవారి మాట కంటె నేను దానినే నమ్ముతాను.

‘ముందు ముందు ప్రాసెసర్ మార్చుకోవచ్చు’ అంటూ ఖరీదైన బోర్డు చూపే దుకాణదారులు ఉంటారు. 2022లో వచ్చిన ఏఎం5 బోర్డుల విషయంలో ఆ మాటకు కొంత విలువ ఉంది. కాని నా ఎరుకలో ఇంటి కంప్యూటర్‌లో ర్యామ్ పెంచుకున్నవారే ఎక్కువ, ప్రాసెసర్ మార్చినవారు తక్కువ. బడ్జెట్ తక్కువైతే పాత సాకెట్ అని వెనుకాడనక్కరలేదు.

4.4 చిప్‌సెట్, ర్యామ్, ఎస్‌ఎస్‌డి

ఎల్‌జీఏ 1700 బోర్డులలో హెచ్610, బి660, బి760, జెడ్690, జెడ్790 వంటి చిప్‌సెట్లు కనిపిస్తాయి. జెడ్ రకాలు ప్రాసెసర్ వేగాన్ని నిర్ణీత స్థాయికి మించి పెంచేవారికి. ఐ3-12100లో ఆ సౌకర్యమే లేదు, కాబట్టి దానికి జెడ్ బోర్డు కొంటే డబ్బు దండగ. హెచ్610లో ర్యామ్ స్లాట్లు రెండే ఉంటాయి. మన విద్యార్థికి అవి చాలు.

ర్యామ్ విషయంలో పేరును చివరిదాకా చదవండి. హెచ్610 బోర్డులలో డీడీఆర్4 తీసుకునేవి, డీడీఆర్5 తీసుకునేవి రెండూ ఉన్నాయి. ఒకే బోర్డులో రెండూ పనిచేస్తాయని అనుకోవద్దు. రెండు రకాల ర్యామ్‌లకూ 288 పిన్నులే ఉన్నా మధ్య గాడి వేరే చోట ఉంటుంది. బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది. ఏఎం4 బోర్డులకు డీడీఆర్4, ఏఎం5 బోర్డులకు డీడీఆర్5 మాత్రమే.

16 జీబీ కావాలంటే ఒకే 16 జీబీ ముక్క కంటె రెండు 8 జీబీ ముక్కలు మంచివి. రెండు దారుల్లో డేటా నడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రంలో బొమ్మను గీసేది కూడా ఈ ర్యామ్ సాయంతోనే కాబట్టి తేడా బాగా తెలుస్తుంది.

ఎం.2 ఎస్‌ఎస్‌డిలు చూడటానికి ఒకేలా ఉన్నా వాటిలో సాటా రకం సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. పీసీఐఈ 3.0 ఎన్‌వీఎంఈ రకం 3,500 ఎంబీ వరకు వెళ్లగలదు. ఇక 5600జి ప్రాసెసర్ పీసీఐఈ 3.0 వరకే ఇస్తుంది. బి550 బోర్డు పెట్టె మీద 4.0 అని రాసి ఉన్నా, ఈ ప్రాసెసర్‌తో ఖరీదైన 4.0 ఎస్‌ఎస్‌డి వేగం పూర్తిగా అందదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక విద్యార్థి ఐ3-12100ఎఫ్ ప్రాసెసర్, డీడీఆర్4 రకం హెచ్610 బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డి కొనదలచాడు. గ్రాఫిక్స్ కార్డు కొనడంలేదు. ఈ జాబితాలో రెండు లోపాలున్నాయి. అవి ఏవి?

4.5 క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్

బోర్డు సైజుల్లో ఏటీఎక్స్ 305×244 మి.మీ., మైక్రో ఏటీఎక్స్ 244×244 మి.మీ. వరకు ఉంటాయి. పెద్ద క్యాబినెట్‌లో చిన్న బోర్డు పడుతుంది, చిన్నదానిలో పెద్దది పట్టదు.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర పొదుపు చేయవద్దు. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే దాని మీద 450 వాట్లు అని పెద్దగా రాసి ఉండవచ్చు. పక్కనున్న పట్టికలో 12 వోల్టుల లైనుకు ఎన్ని ఆంపియర్లో చూడండి. 16 ఆంపియర్లయితే 12×16, అంటే 192 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా ఆధారపడేది ఆ లైను మీదనే. మన విద్యార్థి యంత్రానికి పెద్ద వాట్లు అక్కరలేదు, నికరమైన వాట్లు కావాలి. వోల్టేజీ ఎగుడుదిగుళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో నాసి ఎస్‌ఎంపీఎస్ చెడిపోతూ బోర్డునూ వెంట తీసుకుపోగలదు. గోడ ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి.

4.6 దుకాణంలో

సికింద్రాబాద్‌లో సీటీసీగా పేరుపడిన చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట వరుసగా దుకాణాలుంటాయి కాబట్టి మూడు నాలుగు చోట్ల ధర అడగడం సులువు. 18 శాతం జీఎస్టీ కలిపిన ధరనే పోల్చండి. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే ఒప్పుకోవద్దు. రేపు వారంటీ అడగడానికి అదే ఆధారం. బిల్లులో ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోండి. పెట్టె లేకుండా అమ్మే ట్రే ప్రాసెసర్‌కు సాధారణంగా కూలర్ రాదు, తయారీదారు వారంటీ ఉండదు. ధర తేడాలో ఆ రెండింటినీ లెక్కవేయండి.

ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ ఈ మూడింటినీ వీలైతే ఒకేచోట కొనండి. వేర్వేరు చోట్ల కొంటే, కంప్యూటర్ పనిచేయనప్పుడు ఒకరు మరొకరి వస్తువును చూపిస్తారు. ఆ మూడింటినీ కౌంటర్ మీదనే కలిపి, తెర మీద బయోస్ పేజీ వచ్చేదాకా చూపించమనండి. ఎల్‌జీఏ సాకెట్ అయితే బోర్డు తీసుకునే ముందు ప్లాస్టిక్ మూత కింద పిన్నులన్నీ వరుసగా ఉన్నాయేమో వెలుతురులో చూడండి. ఒక్క పిన్ను వంగి ఉన్నా ఆ బోర్డు వద్దనండి, ఇంటికి వచ్చాక అది మీ చేతిలో వంగలేదని నిరూపించడం కష్టం. ప్రాసెసర్ బిగించాక ఆ మూతను పారవేయకుండా బోర్డు పెట్టెలో దాచండి. వారంటీకి పంపేటప్పుడు సాకెట్ మీద ఆ మూత ఉండాలని తయారీదారులు అడుగుతారు.