మూడు నాడెలకు ఒక్క పేరేనా?

గద్వాల పట్టణంలో ఒక మగ్గాల షెడ్డు. రేకుల కప్పు కింద ఆరు గుంట మగ్గాలు. రెండేళ్ల కిందట ఒక పరిశోధక విద్యార్థితో కలిసి అక్కడికి వెళ్లాను. మా చేతిలో ఒక ప్రశ్నావళి ఉంది. దాన్ని తయారుచేసింది నేనే. అందులో మొదటి గడి ‘నేతకారుని పేరు’, రెండోది కులం, మూడోది మగ్గాల సంఖ్య. మొదటి మగ్గం మీద కూర్చున్న నడివయసు మనిషి తన పేరు చెప్పాడు, విద్యార్థి రాసుకున్నాడు. అదే పలక మీద పక్కన కూర్చుని అంచు నాడె వేస్తున్న అతని భార్య చెయ్యి ఆపకుండానే అడిగింది: ‘‘ఇద్దరం కూసుంటిమి గద సార్, ఒక్కని పేరే రాసుకుంటిరి?’’ మా దగ్గర జవాబు లేదు. ఆ కాగితంలో రెండో పేరుకు చోటూ లేదు.

ఆ ప్రశ్న ఎంత సూటిదో అర్థం కావాలంటే గద్వాల చీర పుట్టుక తెలియాలి. చీర నడిమి భాగం నూలు. అంచులు, కొంగు పట్టు, జరీ. అందుకే నడిమి భాగానికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు, మొత్తం మూడు. నడిమి పేక అంచు దాకా వచ్చి, అంచు పేకతో మెలిక వేసుకుని వెనక్కి మళ్లుతుంది. దీన్నే కుప్పడం అంటారు. ప్రతి వరుసలో ఈ మెలిక పడాలి. పడకపోతే అంచు విడిపోతుంది. రెండు వైపులా అంచు ఉన్న చీరను ఒంటరిగా నేయడం సాధ్యం కాదు, పక్కన మరో మనిషి తప్పదు. కొంగు దగ్గరకు వచ్చేసరికి నూలు పడుగు పోగులకు పట్టు పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. ఇవన్నీ మగ్గం ఎక్కిన తర్వాతి పనులు. అంతకు ముందే రంగులద్దడం, ఆసు పోయడం, రాట్నం మీద కండెలు చుట్టడం, అచ్చు అతకడం ఉన్నాయి. వీటిలో చాలా భాగం ఇంటి ఆడవాళ్లది, వయసు మళ్లినవాళ్లది. అంటే ఒక చీర వెనుక కనీసం ముగ్గురు నలుగురి శ్రమ ఉంటుంది. గుర్తింపు కార్డు మాత్రం చాలా ఇళ్లలో ఒక్క మగవాడి పేరు మీదే ఉంటుంది.

పేర్ల విషయానికే వస్తే గద్వాల చీర చుట్టూ పేర్లకు కొదవ లేదు. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం కింద 2010లో ఈ చీరకు ఊరి పేరుతో గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు ముందు సంస్థానం పేరు ఉండనే ఉంది. గద్వాల చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ నేతకు ఇచ్చిన ఆదరణను ఇప్పటికీ చెప్పుకుంటారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు సంస్థానం తరఫున ఏటా వెళ్లే ఏరువాడ జోడు పంచెల సంగతి పత్రికల్లో వస్తూనే ఉంటుంది. మండలం రోజుల దీక్షతో ఆ పంచెలు నేస్తారు. అది గౌరవమే, కాదనను. అయితే దేవుడి పంచెకు పట్టిన రోజులను ఇంత శ్రద్ధగా లెక్కపెట్టే మనం, మార్కెట్టుకు వెళ్లే చీరకు ఎందరు ఎన్ని రోజులు కూర్చున్నారో లెక్కపెట్టం. కూలి చీరకు ఇంత అని ఉంటుంది. పడుగు అయిపోయి కొత్త పడుగు అతికే రోజులు, సరుకు కోసం ఎదురుచూసే రోజులు, వానకాలంలో గుంటలో చెమ్మ చేరి పని సాగని రోజులు ఆ లెక్కలోకి రావు. పక్క మనిషికి వేరే కూలి అన్న మాటే చాలా ఇళ్లలో లేదు.

ఇది కూలి ప్రశ్న మాత్రమే అయితే కులం చర్చలో తేవలసిన అవసరం ఉండేది కాదు. ఈ అదృశ్యానికి ఆధారం ‘కులవృత్తి’ అన్న భావనలో ఉందని నా అభిప్రాయం. కులవృత్తి అనగానే నైపుణ్యం పుట్టుకతో వచ్చేదిగా, నేర్చుకోనక్కర లేనిదిగా, కాబట్టి ప్రత్యేకంగా వెల కట్టనక్కర లేనిదిగా మారిపోతుంది. పదేళ్ల వయసు నుంచి కండెలు చుట్టిన ఆడపిల్ల నేర్చుకున్నది విద్య కాదు, ఇంటి పని. పెళ్లయ్యాక అంచు నాడె వేస్తే అది ఉద్యోగం కాదు, సంసారం. బడిలో, ఐటీఐలో నేర్చిన పనికి సర్టిఫికెట్టూ జీతమూ ఉంటాయి. కులంలో నేర్చిన పనికి పొగడ్త ఉంటుంది.

కులవృత్తి అన్న మాట ఇంకొందరినీ మాయం చేసింది. నేత అనగానే మనకు గుర్తొచ్చేవి పద్మశాలి, దేవాంగ, తొగట, కుర్ని, స్వకులశాలి వంటి పేర్లు. తెలంగాణ బీసీ జాబితాలో ఇవన్నీ ‘బి’ గ్రూపులో ఉన్నాయి. కానీ మన షెడ్యూల్డ్ కులాల జాబితా తెరిస్తే అందులో ‘మాల సాలె, నేతకాని’ అన్న నమోదు కనబడుతుంది. మాలలు ముతక బట్ట నేసేవారన్న ప్రస్తావన 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ సంపుటాల్లోనూ ఉంది. అంటే కులం మనుషులనే కాదు, బట్టనూ విభజించింది. పట్టు, జరీ ఒక వాడలో. ముతక బట్ట ఊరి చివర. మిల్లు బట్ట వచ్చి ముతక బట్టకు గిరాకీ పోయాక ఆ నేతగాళ్లలో చాలామంది పొలం కూలీలయ్యారు. వాళ్ల నేత చరిత్ర జాబితాలో ఒక పేరుగా మిగిలింది. చేనేత వారసత్వం గురించి మాట్లాడే సభల్లో వాళ్ల ప్రస్తావన అరుదు.

మళ్లీ ఆ షెడ్డుకు వస్తాను. ఆరు మగ్గాల్లో రెండింటి మీద ఉన్నవారు సాలె కులాలవారు కాదు. ఒకరు బోయ, ఇంకొకరు మాదిగ. ఇద్దరూ నడిగడ్డ విత్తన పత్తి చేలల్లో చిన్నప్పుడు పూలు క్రాసింగ్ చేసినవాళ్లే. పెద్దయ్యాక మగ్గం నేర్చుకున్నారు. మాస్టర్ వీవర్ ఆ మాదిగ యువకుణ్ణి చూపిస్తూ ‘‘మావాళ్ల కన్న బాగ నేస్తడు’’ అన్నాడు. మెచ్చుకోలే. కానీ ఆ మెచ్చుకోలులో ‘మావాళ్లు’ అన్న గీత చెరగలేదు. ఒక సంఘంలో సభ్యత్వం అడిగితే ‘మీది చేనేత కులం కాదు గదా’ అన్నారని ఆ యువకుడు చెప్పాడు. రోజంతా నేసే మనిషి నేతగాడు కాకపోవడం, మగ్గం ఎక్కి ఇరవై ఏళ్లయిన మనిషి కులం పేరుతో నేతగాడిగా కొనసాగడం రెండూ ఒకే ఊళ్లో జరుగుతున్నాయి.

మరోవైపు, ఆ షెడ్డులో మగ్గం మాస్టర్ వీవర్‌ది, పట్టు అతనిదే, డిజైనూ అతనిదే. నేసేవాళ్లలో ఎక్కువమంది అతని కులం వాళ్లే. యజమాని ‘మనోడు’ అయినప్పుడు కూలి పెంచమని అడగడం కష్టం. పెళ్లికి, ఆసుపత్రికి తీసుకున్న బయానా మగ్గానికి ముడిపడి ఉంటుంది. కొండా లక్ష్మణ్ బాపూజీ తరం నాయకులు సహకార సంఘాలు కట్టింది ఈ ముడి విప్పడానికే. సంఘాలు బలహీనపడిన చోటల్లా ఆ ముడి మళ్లీ బిగుసుకుంది. కులసంఘం భవనం కట్టగలదు, మార్కండేయ గుడి కట్టగలదు. కూలి విషయం వచ్చేసరికి దానిలోనే ఇద్దరు ఎదురెదురుగా ఉంటారు కాబట్టి మౌనంగా ఉంటుంది.

ప్రభుత్వాల చూపు దీనికి భిన్నంగా లేదు. 2019–20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణన దేశంలో 35.22 లక్షల మంది చేనేత కార్మికులను లెక్కించింది. వారిలో 26.73 లక్షల మందిని నేతకారులని, 8.48 లక్షల మందిని అనుబంధ కార్మికులని విడగొట్టింది. మొత్తంలో 72 శాతానికి పైగా స్త్రీలు. ఇందులో పెద్ద వాటా ఈశాన్య రాష్ట్రాల ఇళ్లలో నేసే స్త్రీలది. మన దగ్గర స్త్రీ ఎక్కువగా ‘అనుబంధం’లోనే ఉంటుంది. పథకాల పత్రాల్లో అనుబంధ కార్మికుల మాట లేకపోలేదు. కానీ అంచు నాడె లేకుండా గద్వాల చీరే లేనప్పుడు, ఆ నాడె వేసే మనిషి దేనికి అనుబంధం? 2020 జులైలో కేంద్రం అఖిల భారత చేనేత బోర్డును రద్దుచేసింది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వలలు అల్లేవారు, దర్జీలు ఉన్నారు, మగ్గం నేసేవారు లేరు. ఉన్న వృత్తులను కూడా గురుశిష్య పరంపరగా, కుటుంబ సంప్రదాయంగానే ఆ పథకం చూస్తుంది. కొడుకు తండ్రి పనే చేయాలన్న పాత సూత్రానికి అది కొత్త అప్పు పత్రం.

ఇప్పుడు ఇది ఎందుకు ముఖ్యం? తెలంగాణలో 2024లో జరిగిన ఇంటింటి కులసర్వే, ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతమని తేల్చింది. రానున్న జనగణనలో కులాన్ని లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. కులగణన కావాలని పోరాడినవారిలో నేనూ ఒకడిని. అయితే కులం గడిని వృత్తి గడికి బదులుగా చదివితే ఈ లెక్క మనకే ఎదురు తిరుగుతుంది. పద్మశాలి అని రాసినవారందరూ మగ్గం మీద లేరు. చాలామంది షోలాపూర్, భివండీ, సూరత్ మరమగ్గాల దారి పట్టారు, మరికొందరు ఉద్యోగాల్లో ఉన్నారు. మగ్గం మీద ఉన్నవారందరూ పద్మశాలీలు కారు.

ఒక అభ్యంతరం నాకు తెలుసు. నేతను అందరిదీ అంటే సాలె కులాల హక్కు పలచబడుతుందని మిత్రులు అంటారు. హక్కు రెండు రకాలు. చదువులో, ఉద్యోగంలో, చట్టసభలో వాటా అన్నది తరాల వెనుకబాటుకు సమాధానం. అది కులాన్ని బట్టే రావాలి. కూలి, బీమా, పెన్షన్, సంఘ సభ్యత్వం అన్నవి శ్రమకు ప్రతిఫలం. అవి చేసే పనిని బట్టి రావాలి. ఈ రెంటినీ కలిపేస్తే రెండు వైపులా నష్టమే. మగ్గం వదిలి చదువుకున్న పద్మశాలి బిడ్డ వృత్తిద్రోహి అనిపించుకుంటాడు, మగ్గం పట్టిన మాదిగ బిడ్డ పరాయివాడు అవుతాడు.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. మగ్గం లెక్కన కాక మనిషి లెక్కన కార్డు ఇవ్వాలి. కుప్పడం నేతలో అంచు నాడె వేసే మనిషిని అనుబంధ కార్మికురాలిగా కాక నేతకారిణిగానే నమోదు చేయాలి. చీర కూలి చీటీలో నేసినవారందరి పేర్లూ, అతుకు రోజులూ ఉండాలి. సహకార సంఘాల సభ్యత్వానికి కులం కాదు, పని ఆధారం కావాలి. భౌగోళిక గుర్తింపు కింద అధీకృత వినియోగదారుల పుస్తకంలో వ్యాపారుల పక్కన నేసేవాళ్ల పేర్లు ఎక్కాలి. గద్వాలకే కాదు, వనపర్తి జిల్లాలోని కొత్తకోట, అమరచింత మగ్గాలకూ ఇదే వర్తిస్తుంది.

2009 అక్టోబరులో తుంగభద్ర వరద రాజోలిని ముంచినప్పుడు మగ్గం గుంటల్లో నీళ్లు నిలిచాయి. మునిగిన మగ్గాలను లెక్కపెట్టడం తేలిక. ఒక్కో మగ్గం దగ్గర ఆగిపోయిన చేతుల లెక్క తేలాలంటే ఆ చేతుల పేర్లు ముందే ఎక్కడో రాసి ఉండాలి.

గద్వాల నుంచి తిరిగి వచ్చాక మా ప్రశ్నావళి మార్చాను. మగ్గానికి ఒక గడి కాదు, పనికి ఒక గడి పెట్టాం. రెండోసారి వెళ్లినప్పుడు ఆ ఇల్లాలి పేరు మొదట అడిగాం. చెప్పింది. వృత్తి అన్న చోట ఏం రాయమంటారని విద్యార్థి అడిగితే కాసేపు భర్త వైపు చూసి, ‘‘నేత అనే రాయి’’ అంది.